మిగిలిన గది

కోడలు కళ్ళు తెరుస్తూనే చెయ్యి చాచి స్విచ్ కోసం గోడ తడిమింది. చల్లటి గోడ తప్ప ఏమీ తగల్లేదు. మంచం పక్కనే స్విచ్ ఉన్నది మొన్నటి గదిలో. ఇప్పుడు వాళ్ళున్నది ఆరో నంబరు. ఇందులో స్విచ్ తలుపు దగ్గర, తలుపు కాళ్ళవైపు. ఆ సంగతి గుర్తుకొచ్చేలోపే మోచెయ్యి మంచం పట్టెకు ఠపీమని కొట్టుకుంది. పెళ్ళయి ఈ హోటల్లో కాలుపెట్టిన నాటినుంచి ఆమెకు చాలా రోజులు ఇలాగే తెల్లవారుతున్నాయి. మోచేతికి దెబ్బ, నాలిక చివర ఓ తిట్టు.

పాప అప్పటికే లేచి ఒంటికాలిమీద గెంతుతోంది.

"అమ్మా, రెండో సాక్సేదీ?"

"సంచీలో చూడు."

"లేదు. మొన్నటి గదిలో ఉండిపోయింది. పదకొండులో."

పదకొండులో నిన్న సాయంత్రం ఓ కొత్త జంట దిగింది. పొద్దున్నే వాళ్ళ తలుపు తట్టి, మీ మంచం కింద మా పిల్ల సాక్సు ఉందేమో చూస్తారా అని అడగలేరు కదా.

"దొరికినవి వేసుకో. ఒకటి తెలుపు, ఒకటి నీలం. ఏం కాదు."

"పోయిన వారం కూడా అలాగే వేసుకున్నా. అందరూ నవ్వారు."

"నవ్విన నాపచేనే పండుతుంది."

"అంటే?"

"అంటే తొందరగా పద, స్కూలు బస్సు వెళ్ళిపోతుంది."

హోటల్లో పన్నెండు గదులున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ ఇంటివాళ్ళది కాదు. సాయంత్రం చివరి బస్సు వచ్చి, గదులు కావలసినవాళ్ళు తీసుకున్నాక, కౌంటర్ వెనక మేకులకు ఇంకా వేలాడుతున్న తాళాలు చూసి మామగారు ప్రకటిస్తారు: "ఇవాళ మనం నాలుగూ, తొమ్మిదీ." అంతే. మెట్ల కింద వరసగా పేర్చిన రేకుపెట్టెల్లోంచి ఆ రాత్రికి కావలసిన బట్టలు తీసుకుని, పక్కచుట్టలు చంకన పెట్టుకుని కుటుంబమంతా ఆ గదులకు నడవాలి. అన్నీ నిండిపోయిన రోజున దుప్పట్ల గదిలో సర్దుకోవాలి. తెల్లవారగానే అన్నీ మళ్ళీ చుట్టి మెట్ల కిందికి చేర్చాలి.

ఇది మామగారి తండ్రి పెట్టిన పద్ధతి. ఆయన కలప అడితి మీద మూడు గదులు కట్టి హోటల్ మొదలుపెట్టాడు. తను పడుకోని మంచం పరాయివాడికి అద్దెకివ్వకూడదన్నది ఆయన నియమం. రోజుకో గదిలో పడుకునేవాడు. రాత్రి వీపుకి గుచ్చుకున్న మేకు పొద్దున్నే పీకేవాడు, కిర్రుమన్న తలుపుకి నూనె వేసేవాడు. ఊళ్ళో పెద్ద పెద్ద లాడ్జీలు వచ్చాయి, పోయాయి. ఇది నిలిచింది. మామగారు ఈ కథని కొత్తగా దిగిన ప్రతివాళ్ళకీ చెబుతారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా ఆయనకు లెక్కే. కోడలికి ఆ కథ అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

అత్తగారు మంచం పట్టినప్పుడు మాత్రం ఆ పద్ధతి కొంచెం వంగింది. మెట్లెక్కకూడదు, కదిలించకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పడంతో కింద మెట్ల పక్కనున్న ఒకటో నంబరు ఆవిడకు వదిలేశారు. ఆవిడ జీవితంలో వరసగా అన్ని రాత్రులు ఒకే గదిలో పడుకోవడం అదే మొదలు. అయినా గోడకు ఏమీ తగిలించలేదు, అలమరలో ఏమీ పెట్టలేదు. సాయంత్రం చివరి బస్సు హారన్ వినగానే దుప్పటి మడతపెట్టబోయేది. "ఇవాళ మనమెక్కడమ్మా?" అని అడిగేది. "ఇక్కడే అత్తయ్యా, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అని కోడలు చెబితే నమ్మనట్టు చూసేది.

ఆవిడ పోయి ఎంతో కాలం కాలేదు. ఆ గదికి తాళం వేసి ఉంది. పాప స్కూలుకి వెళ్ళాక కోడలు రోజూ ఆ గది తెరిచి, కిటికీ తీసి, కుర్చీలో కూర్చుని టీ తాగేది. ఏడ్చేది కాదు. ఊరికే కూర్చునేది. ఆ హోటల్లో ఆమెను ఎవరూ పిలవని పది నిమిషాలు అవే.

ఇవాళ టీ గ్లాసుతో కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి ఒకటో నంబరు మేకు ఖాళీగా ఉంది. మామగారు పదకొండులోని జంటకు బిల్లు రాస్తున్నారు. ఆమె అడగలేదు. నేరుగా వెళ్ళి తలుపు తట్టింది.

లోపలినుంచి మగగొంతు. "వచ్చెయ్, వచ్చెయ్! తలుపు తీసే ఉందిలే!"

ముఖమంతా సబ్బు నురగతో, భుజాన తువ్వాలుతో మోటార్ల ఏజెంటు ఎదురొచ్చాడు. నెలకోసారి నీళ్ళ మోటార్లు అమ్ముకోవడానికి వచ్చి ఇక్కడే దిగే పాత మనిషి.

"ఏమ్మా, వేడినీళ్ళు మీరు తెచ్చారేంటి?" అన్నాడు, ఆమె చేతిలోని గ్లాసు చూసి. "ఆ మాత్రం నీళ్ళు గడ్డానికి కూడా చాలవే!"

ఆమె వినలేదు. ఆయన భుజం మీదుగా గది చూస్తోంది. కొక్కేనికి చారల చొక్కా. బల్లమీద మోటారు బొమ్మల కాగితాలు. అత్తగారు పడుకున్న మంచం మీద ఉతికిన కొత్త దుప్పటి. మంచం కింద ఉండాల్సిన ఆవిడ రేకుపెట్టె లేదు. గదిలో మందుల వాసన పోయి గడ్డం సబ్బు వాసన వేస్తోంది.

ఆమె టీ గ్లాసు గుమ్మం పక్క కిటికీ గట్టు మీద పెట్టేసి వెనక్కి తిరిగింది. మెట్ల కింద చూసింది. అత్తగారి పెట్టె అక్కడుంది. మిగతా పెట్టెలతో పాటు, వరసలో, ఎప్పటి చోటులో.

కౌంటర్ దగ్గర మామగారు ఆ జంటకు కథ చెబుతున్నారు.

"...మా నాన్న అనేవాడమ్మా, తను పడుకోని మంచం పరాయివాడికి అద్దెకివ్వకూడదని. ఇప్పటికీ అదే పద్ధతి. మాకంటూ ఓ గది లేదు. అన్ని గదులూ మావే, ఏదీ మాది కాదు!"

"బావుందండీ!" అంది ఆ అమ్మాయి.

"ఆ కథలో తర్వాత ముక్క నేను చెప్తాను మామయ్యా," అంది కోడలు.

ఆమె గొంతు వినగానే ఆయన కలం ఆగింది.

"వాళ్ళ నాన్న మంచం మీద పడుకునేవాడు. మరి వాళ్ళమ్మ ఏం చేసేదో అడగండమ్మా. ఈయన భార్య ఏం చేసేదో అడగండి. నెత్తిన పక్కచుట్ట, చంకలో పిల్లాడు, చేతిలో కూజా పట్టుకుని రోజూ మెట్లెక్కేది. ఈయన కొడుకు పుట్టింది తొమ్మిదో నంబరులో. ఎవరో పెద్ద ఆఫీసర్లు దిగుతున్నారని పచ్చి బాలింతని లేపి దుప్పట్ల గదిలోకి మార్చారు."

"ఆవిడే లేచింది! ఎవరూ లేపలేదు," అన్నారు మామగారు.

"లేవకపోతే లేపేవారేగా."

"అమ్మాయ్! కస్టమర్లున్నారు. లోపలికి పద, మాట్లాడుకుందాం."

"లోపలికంటే ఎక్కడికి? ఏ నంబరులోకి?"

కొత్తల్లుడిలా నిలబడ్డ ఆ భర్త సంచీ భుజానికెత్తుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం వెళ్ళబోతూ ఆగి, మొహమాటంగా చిన్న నీలం సాక్సు ఒకటి కౌంటర్ మీద పెట్టింది. "ఇది మా మంచం కింద ఉందండీ" అని, భర్త వెనకాలే గబగబా బయటికి నడిచింది.

కోడలు ఆ సాక్సు తీసి మామగారి ముందు ఆడించింది.

"చూశారా? మన కాపురం ఊళ్ళోవాళ్ళ మంచాల కింద దొరుకుతోంది."

"సాక్సు గురించా ఇంత గొడవ?"

"ఒకటో నంబరు గురించి. నన్నొక్క మాట అడగకుండా ఎలా ఇచ్చారు?"

"చివరి బస్సు తప్పిపోయి, మీరంతా పడుకున్నాక లారీలో వచ్చాడు. అన్నీ నిండిపోయాయి. ఇన్నేళ్ళుగా మన గడప తొక్కుతున్న మనిషిని పొమ్మనమంటావా?"

"మా ఆరో నంబరు అడగాల్సింది. లేచి ఇచ్చేదాన్ని."

"పాప అప్పటికే నిద్రపోయింది."

"మీ గదో?"

"నా గది అంతకుముందే ఇచ్చేశా. దుప్పట్ల గదిలో పడుకున్నా."

ఈ వయసులో ఆయన దుప్పట్ల మూటల మీద పడుకున్నారన్నది జాలిపడవలసిన విషయమే. కాని ఆ జాలి ఆమె కోపం మీద నీళ్ళు చల్లలేదు, నూనె పోసింది.

"మిమ్మల్ని మీరు కూడా మనిషి కింద లెక్కేసుకోరు. ఇంక మమ్మల్నేం లెక్కేస్తారు?"

"నోరు అదుపులో పెట్టుకో. నువ్వొచ్చి ఎన్నాళ్ళయిందని? ఆవిడతో నలభై ఏళ్ళు కాపురం చేసింది నేను!"

"ఎక్కడ చేశారు మామయ్యా కాపురం? నంబరు చెప్పండి."

మామగారి చేతిలోని కలం బల్లమీద పడింది. ఆయన ముఖం నల్లబడింది. ఎవరైనా కొడితే కూడా ఆయన అలా చూసి ఉండరు.

కోడలు ఇంక అక్కడ నిలబడలేదు. మెట్ల కింద వంగి అత్తగారి పెట్టె పిడి పట్టుకుని బరబరా లాగింది. గచ్చు మీద రేకు కీచుమంది. దాన్ని ఒకటో నంబరు గుమ్మం దాకా ఈడ్చి, మళ్ళీ వెళ్ళి తన పెట్టె తెచ్చింది. రెండూ వరండాలో, గుమ్మానికి అడ్డంగా పెట్టి వాటి మీద కూర్చుంది.

"నేను పుట్టింటికి పోతాననుకుంటున్నారేమో. పోను. మీకు ఆ సుఖం ఇవ్వను. ఇవాళ్టినుంచి నేను పక్కచుట్ట మొయ్యను. నాకూ నా పిల్లకీ ఓ గది కావాలి. రోజూ అదే గది. నా తాళం. సాయంత్రం బస్సొచ్చినా, లారీ వచ్చినా ఖాళీ చెయ్యని గది. అది ఇదే."

"మరి నేను..." అన్నాడు ఏజెంటు లోపలినుంచి. సగం గడ్డం గీసుకున్నాడు, సగం నురగ ఎండిపోతోంది. గుమ్మం దాటే దారి లేదు. "అమ్మా, నాకే అభ్యంతరం లేదు. బస్టాండులో పడుకున్నా పడుకుంటాను. ముందు కాస్త ఆ రెండో చెంప కూడా..."

"మీరు గడ్డం గీసుకోండి అన్నయ్యగారూ. మీ మీద కాదు నా కోపం."

అప్పుడే ఆమె భర్త బజారునుంచి కూరగాయల సంచీతో వచ్చాడు. పెట్టెల మీద భార్య, కౌంటర్ వెనక తండ్రి, తలుపు సందులో సగం గడ్డం. ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే సగం అర్థమైంది.

"ఇదిగో, లే. అందరూ చూస్తున్నారు. సాయంత్రం మాట్లాడదాం."

"సాయంత్రం మీ నాన్నగారు నంబరు ప్రకటిస్తారు, మీరు పక్కచుట్ట ఎత్తుకుంటారు. అదేగా మీరు మాట్లాడేది?"

"నాన్నా, నువ్వైనా..."

"నన్నేమంటావురా? నీ పెళ్ళాం నన్ను నడివీధిలో నిలబెట్టింది!"

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం" అని గొణుక్కున్నాడతను.

"అందులో కప్ప ఎవరో, పాము ఎవరో కూడా చెప్పండి, విని సంతోషిస్తాం," అంది ఆమె.

మామగారు కౌంటర్ దాటి వచ్చారు. కోపంతో ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"గది మూసి ఉంచమంటావు. రోజుకి ఎన్నిసార్లు నేనీ తలుపు ముందునుంచి నడవాలో తెలుసా నీకు? తలుపు మూసి ఉంటే లోపల ఆవిడ ఉందనిపిస్తుంది. పడుకుందిలే, చప్పుడు చెయ్యకూడదని చెప్పులు చేత్తో పట్టుకుంటున్నా. సగం దూరం పోయాక గుర్తొస్తోంది. ఎవడో ఒకడు అందులో దగ్గుతూ, తుమ్ముతూ ఉంటే ఆవిడ లేదని తెలుస్తుంది. అందుకే ఇచ్చా. నీకు చెప్పి ఇవ్వాలా? ఆవిడ నీకు అత్త. నాకేమవుతుందో తెలుసా?"

ఆ మాటలు కోడలికి తగిలాయి. తగిలినా ఆమె పెట్టె మీదనుంచి లేవలేదు. ఇప్పుడు లేస్తే మళ్ళీ ఈ జన్మలో కూర్చోలేనని ఆమెకు తెలుసు.

"మీ బాధ నిజమే మామయ్యా. కాని ఆవిడకంటూ ఉన్నది ఈ ఒక్క గదే. ప్రాణం పోయాకైనా అది ఆవిడ గదిగా ఉండకూడదా?"

"ఆవిడ గదా ఇది? ఆవిడకి ఈ గదంటే గిట్టదు. మెట్ల మీద నడిచే ప్రతి చెప్పూ తన తల మీదే నడుస్తున్నట్టుందనేది. గతిలేక ఉంది. ఆవిడకి ఇష్టమైంది ఐదో నంబరు."

"ఐదా?" అన్నాడు కొడుకు. "అమ్మకిష్టం పన్నెండు నాన్నా."

"ఎవరు చెప్పార్రా నీకు?"

"అమ్మే చెప్పింది. ఎన్నోసార్లు."

"నోర్ముయ్. పెళ్ళయిన కొత్తలో నాతో చెప్పింది, ఐదు. నా చెవులతో విన్నా."

"మీ ఇద్దరికీ ఏమీ తెలీదు," అంది కోడలు మండిపడుతూ. "మూడో నంబరు. నేను కాపురానికొచ్చిన రోజే అంది. 'నాకిష్టమైన గది, నీకిస్తున్నా' అని దిండు కూడా తనే దులిపి పెట్టింది."

"మూడు! చీకటి కొట్టం! అదెవరికిష్టమవుతుంది?"

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా?"

"ఐదూ కాదు, మూడూ కాదు. పన్నెండు, పన్నెండు!" కొడుకు చేతిలోని సంచీ నేల మీద పడేశాడు. అతనంత గట్టిగా అరవడం ఆ వరండా ఎప్పుడూ వినలేదు. "మా అమ్మకేది ఇష్టమో నాకు తెలీదా? మీరెవరు నాకు చెప్పడానికి?"

ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. పోయిన మనిషిని తలా ఓ గదిలోకి లాగుతున్నట్టుంది.

మోటార్ల ఏజెంటు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మధ్యలో మాట్లాడుతున్నానని ఏమనుకోకండి. నాతో ఏడు అన్నారావిడ."

ముగ్గురూ అతనివైపు తిరిగారు.

"మొదటిసారి ఈ ఊరొచ్చినప్పుడు. ఆ సాయంత్రమే మా నాన్న పోయాడని కబురొచ్చింది. తిరిగి వెళ్ళడానికి పొద్దున్నదాకా బస్సు లేదు. ఏడో నంబరు తాళం చేతికిచ్చి, 'ఈ గదంటే నాకు చాలా ఇష్టం, అందుకే మీకిస్తున్నా, ఇందులో నిద్రపడుతుంది' అన్నారు. అప్పటినుంచి నేను ఏడే అడుగుతాను. నిన్న ఖాళీ లేదన్నారని ఇది తీసుకున్నా."

కిటికీ గట్టు మీద టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

మొదట కొడుకే మాట్లాడాడు. గొంతులో అరుపు లేదు.

"నేను చిన్నప్పుడు గది మారినప్పుడల్లా ఏడ్చేవాణ్ణి. కిటికీలో చెట్టు కొమ్మ ఒక్కో గదిలో ఒక్కోలా కనపడేది. భయం వేసేది. పన్నెండులో పడుకున్న రోజు..." అతను ఆగాడు. "అమ్మ అన్నది పన్నెండులో ఉండగానే. ఆ తర్వాత రోజు ఇంకో గదిలో ఏమందో నాకు గుర్తులేదు. నేను ఏడుపు మానేశాను కదా."

కోడలు తన చేతిలోని నీలం సాక్సును చూస్తోంది. కాపురానికొచ్చిన రోజు మూడో నంబరు చీకటిగానే ఉంది. తన సామాను ఎక్కడ సర్దుకోవాలని ఆమె అడిగితే మొగుడు నవ్వాడు. ఆమె గుడ్లలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే అత్తగారు దిండు దులుపుతూ ఆ మాట అన్నది.

"ఐదో నంబరు అప్పుడు కారేది," అన్నారు మామగారు. ఆయన ఎవరితోనూ చెప్పడం లేదు. "పెళ్ళయి వచ్చిన రాత్రి వాన. నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాం. కొత్త పెళ్ళికూతురు ముందు నా పరువు పోయింది. తలెత్తలేకపోయా. ఆవిడ చుట్టూ చూసి, 'నాకీ గదే బావుంది, గిన్నెల చప్పుడు బావుంది' అంది."

ఆయన మెట్ల మీద కూలబడ్డారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద వేలాడుతున్నాయి.

"మరి ఏది ఇష్టం ఆవిడకి?"

కోడలు నోరు తెరిచింది. ఇంతసేపూ అత్తగారి తరఫున ఊరంతా వినేలా అరిచింది తను. ఆఖరి ఆర్నెల్లూ ఆవిడకు తల దువ్వింది, ఒళ్ళు తుడిచింది, మందులు మింగించింది. ఏ గది కావాలత్తయ్యా అని ఒక్కసారి అడగలేదు. ఆవిడ ఈ గదిలో ఉంది కాబట్టి ఈ గదే అనుకుంది. ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకున్నంత మాత్రం కూడా తను ఆలోచించలేదు. మెట్ల మీది చెప్పుల చప్పుడు ఆవిడ తల మీద పడుతోందని తనకు తట్టనే లేదు.

"తెలీదు మామయ్యా," అంది. "నాకూ తెలీదు."

అప్పటిదాకా ఆమెను నిలబెట్టిన కోపం కాళ్ళ కిందనుంచి జారిపోయింది. ఏడుపు దాని వెనకే కాచుకుని ఉన్నట్టు ఒక్కసారిగా వచ్చింది. పెట్టె మీద కూర్చునే, సాక్సులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. భర్త దగ్గరికొచ్చి నిలబడ్డాడే గాని చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలలేదు. ఏజెంటు మెల్లగా తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

చాలాసేపటికి మామగారు లేచారు. లేచాక ఆయన ముఖంలో మళ్ళీ కోపమే ఉంది. అది ఎవరి మీదో ఆయనకే తెలియాలి.

"సరే. ఏది కావాలో చెప్పు."

"ఏంటి?"

"గది. నీకు ఏ గది కావాలి? ఆవిణ్ణి ఎవరం అడగలేదుగా. నిన్ను అడుగుతున్నా. చెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఒకటో నంబరు అనబోయి ఆగిపోయింది. అది తనకు ఇష్టమై అడిగిన గది కాదు. పంతానికి అడిగింది. ఇన్నేళ్ళూ పన్నెండు గదుల్లోనూ పడుకుంది, ఊడ్చింది, పక్కలు పరిచింది. ఇక్కడ ఉండిపోవాలి అన్న కళ్ళతో ఒక్కదాన్నీ చూడలేదు.

"చూసి చెప్తాను," అంది.

"చూడు. ఎవరొద్దన్నారు?" ఆయన మేకులకున్న తాళాలన్నీ ఓ తీగకు గుత్తిగా గుచ్చి కొడుకు మీదికి విసిరారు. "తెరిచి చూపించు. నిలబడి చూస్తావేం గుడ్లప్పగించి?"

ఖాళీ అయిన గదులన్నీ ఒక్కొక్కటే తెరిచారు. ఆమె ప్రతి గదిలోనూ మధ్యలో నిలబడింది. ఒకదాన్లో గోడకు తేమ, ఒకదాన్లో కిటికీ వంటింటి పొగ వైపు. మూడో నంబరు గుమ్మంలో కాసేపు ఆగి, లోపలికి వెళ్ళకుండానే తలుపు వేసింది. భర్త ఏమీ సలహా చెప్పలేదు. నోరు మూసుకుని తాళాలు తీస్తున్నాడు. అతను చేసిన మంచిపనుల్లో ఇదొకటి అనుకుంది ఆమె.

పదో నంబరు పైన, రోడ్డు వైపు చివర. రెండు వైపులా కిటికీలు. పొద్దుటి ఎండ మంచం మీద పడుతోంది. గోడలోనే లోతైన అలమర ఉంది, పాప పుస్తకాలు పట్టేటంత. కింద స్కూలు బస్సు ఆగే చోటు కనిపిస్తోంది.

"ఇది," అంది.

వెనకాలే మెట్లెక్కి వచ్చిన మామగారి గొంతు గుమ్మంలోంచి వినబడింది. "పదా? రోడ్డు వైపు గది! అన్నిట్లోకీ దీనికే గిరాకీ! ముందు దీన్నే అడుగుతారు జనం!"

"తెలుసు."

"ఇంకేదైనా..."

"మీరు అడిగారు మామయ్యా. నేను చెప్పాను."

ఆయన పళ్ళు కొరికారు. గదంతా ఓసారి చూశారు. కొడుకు చేతిలోని గుత్తినుంచి పదో నంబరు తాళం తీసేటప్పుడు ఆయన గోరు రెండుసార్లు జారింది. దాన్ని ఆమె చేతికివ్వలేదు, అలమర గట్టు మీద పెట్టారు.

"ఆ కుళాయి కారుతుంది," అన్నారు విసురుగా. "పైకి తెలీదు. దీపం ఆర్పాక వినిపిస్తుంది, టప్ టప్‌మని. పోయిన నెల ఇక్కడ పడుకున్నప్పుడు చూశా. వాషర్ అరిగింది. పిల్ల నిద్రపోదు."

కిందికి వెళ్ళి పానా తెచ్చారు. కొడుకు అందుకోబోతే ఇవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తనే కుళాయి విప్పడం మొదలుపెట్టారు. కోడలు బాత్‌రూం గుమ్మంలో నిలబడి ఆయన వంగిన వీపు చూసింది. చొక్కా వెనక దుప్పట్ల గది నూలుపోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. నిన్న రాత్రి ఆయన అక్కడ ఎలా పడుకున్నారో, అసలు పడుకున్నారో లేదో ఎవరికీ తెలియదు.

"మామయ్యా."

"ఊఁ."

"మీకు ఏ గది కావాలి?"

"నాకెందుకు? ఏది మిగిలితే అది."

"నేనడిగింది అది కాదు."

పానా ఆగింది. ఆయన తిరిగి చూడలేదు. కుళాయినుంచి మిగిలిన నీళ్ళు ఆయన మణికట్టు మీదుగా కారి చొక్కా చేతిని తడుపుతున్నాయి. తుడుచుకోలేదు. ఆమె తొందర చెయ్యలేదు. గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడింది.

"ఒకటి," అన్నారాయన చివరికి. "ఒకటో నంబరు. ఆ మోటార్లతను ఖాళీ చేశాక. తొందరేం లేదు."